జనాభా పెరగడమే వనరుల కొరతకు మూలకారణమా?

చాలాకాలం నేను కూడా అవుననే నమ్మాను. ఆ నమ్మకం కదిలింది రెండేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు.

నా చిన్నతనంలో మేము తొమ్మిది మందిమి. అప్పట్లో ఇల్లు మారితే సామానంతా ఒక చిన్న వ్యానులో ఒకే విడతలో వెళ్లిపోయింది. ఇప్పుడు ముగ్గురమే ఉన్నా, పెద్ద లారీ నిండిన తర్వాత కూడా కొన్ని పెట్టెలు మిగిలిపోయాయి. వాటిలో ఒకటి రెండుసార్లు మాత్రమే తొడిగిన బట్టలు, ఇంకా పనిచేస్తుండగానే పక్కన పెట్టిన నాలుగు ఫోన్లు, కొన్న నాటి నుంచి మూత విప్పని వస్తువులు ఉన్నాయి. తలలు లెక్కిస్తే మేము అప్పటి కుటుంబంలో మూడో వంతు. భూమి నుంచి తీసుకున్నది లెక్కిస్తే అప్పటికి ఎన్నో రెట్లు.

ప్రపంచం లెక్క కూడా ఇలాగే ఉంది. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, సంపన్న దేశాల్లో తలసరి ముడిపదార్థాల వాడకం పేద దేశాలలో కంటే ఆరు రెట్లు ఎక్కువ. 2019లో అత్యంత ధనికులైన 1 శాతం మంది కారణంగా వెలువడిన కర్బన ఉద్గారాలు, అట్టడుగున ఉన్న 66 శాతం మంది ఉద్గారాలతో సమానమని ఆక్స్‌ఫామ్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ అంచనా వేసింది. జననాల రేటు ఎక్కువగా ఉన్న దేశాల ప్రజల్లో అత్యధికులు ఆ అట్టడుగు వారే. అందుకే 'వాళ్లు పిల్లల్ని కనడం తగ్గిస్తే చాలు' అన్న మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

తిండి విషయమూ అంతే. తినడానికి పనికిరాని భాగాలను కూడా కలుపుకుంటే 2022లో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. ఆ మరుసటి ఏడాది సుమారు 70 కోట్ల మంది ఆకలితో ఉన్నారు.

అలాగని జనసంఖ్యకు ప్రాధాన్యం లేదని నేను అనను. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరింది. నీరు, సాగుభూమి ఇప్పటికే సరిపోని ప్రాంతాల్లో ప్రతి కొత్త కుటుంబంతోనూ ఒత్తిడి పెరుగుతుంది. అయితే 1960లలో ఏటా 2 శాతం దాటిన పెరుగుదల రేటు ఇప్పుడు 1 శాతం లోపుకు దిగింది. మా నాయనమ్మ తొమ్మిది మందిని కంటే ఐదుగురే దక్కారు, మా అమ్మకు ముగ్గురం, మా చెల్లెలికి ఒక్క బిడ్డే. ఈ మార్పు ఎవరో బెదిరిస్తే రాలేదు. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న భరోసా, ఆడపిల్లల చదువు, గర్భనిరోధక సాధనాల అందుబాటు కలిసి తెచ్చాయి.

పేదరికం నుంచి బయటపడేవారు ఇంకా ఎక్కువ విద్యుత్తు, సిమెంటు, ఉక్కు వాడవలసిందే, అది వారి హక్కు. కాబట్టి తగ్గించుకోవలసినది మొదట మావంటి ఇళ్లలోనే. నేను బ్యాటరీ మార్పించుకుని ఒకే ఫోనును ఆరో ఏడు వాడుతున్నాను. కానీ విప్పి బాగుచేయడానికి వీల్లేకుండా తయారయ్యే వస్తువుల ముందు వ్యక్తిగత పొదుపు నిలవదు. ఐరోపా సమాఖ్య 2024లో మరమ్మతు హక్కుకు చట్టరూపం ఇచ్చినట్లుగా, తయారీదారులపైనే బాధ్యత పెట్టే నియమాలు ప్రతి దేశంలోనూ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.