కోచ్ జీవితం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. పది జాతీయ టైటిళ్ళూ, వరసగా 88 విజయాలూ మొదటి వాక్యంలోనే గుమ్మరించేశావు. పాఠకుడి కడుపు అక్కడే నిండిపోయింది, ఇంకేం వడ్డిస్తావు?

కాలేజీ కోచ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది మెడలో విజిల్ వేసుకుని, అంతర్ కళాశాలల పోటీలకి పిల్లల్ని బస్సెక్కించే పీడీ సారు. అమెరికాలో ఆ పని వేరు. హైస్కూలు కుర్రాళ్ళని వెతికిపట్టుకుని, తల్లిదండ్రుల్ని ఒప్పించి, స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకోవాలి. పైగా 1972 దాకా మొదటి సంవత్సరం కుర్రాళ్ళకి పెద్ద జట్టులో ఆడే అర్హత లేదు. 1965 నవంబరులో లూ ఆల్సిండర్ (తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్) ఉన్న ఫ్రెష్‌మన్ జట్టు, అప్పటి జాతీయ చాంపియన్లయిన సొంత సీనియర్లనే 75-60తో ఓడించింది. అయినా ఆ ఏడాది వాళ్ళు పెద్ద జట్టులోకి రాలేకపోయారు. అంటే ఎంత గొప్ప ఆటగాడైనా కోచ్ చేతిలో ఉండేది మూడు సీజన్లే. ఇది ముందే చెప్పు. 1967 నుంచి 1973 దాకా వరసగా ఏడు టైటిళ్ళంటే ఏమిటో అప్పుడు గాని తెలీదు.

వుడెన్ 1948లో యూసీఎల్ఏకి (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) వచ్చాడు, 1964లో మొదటి టైటిల్ గెలిచాడు. ఈ మధ్యకాలాన్ని ‘ఎన్నో కష్టాలు పడి’ అని మూడు మాటల్లో దాటేశావు. నన్నడిగితే వ్యాసంలో సగం ఇక్కడే ఉండాలి. ఏం కష్టం? జట్టు సాధన చేసింది మూడో అంతస్తులో ఉన్న పాత జిమ్‌లో. పెద్ద స్టేడియం, పాలీ పెవిలియన్, తెరుచుకున్నది 1965లో, అప్పటికే రెండు టైటిళ్ళు వచ్చేశాయి. మరి 1964లో మారిందేమిటి? జోన్ ప్రెస్, అంటే ప్రత్యర్థిని కోర్టు పొడవునా అడ్డుకునే పద్ధతి. నీ వ్యాసంలో ఆ మాటైతే ఉంది గాని, అదెలా పనిచేస్తుందో లేదు. చూడు: ప్రత్యర్థి తన బుట్ట కిందనుంచి బంతి లోపలికి వేయడానికి 5 సెకన్లు, సగం కోర్టు దాటడానికి 10 సెకన్లు. ముందు ఇద్దరు, మధ్యలో ఇద్దరు, వెనక ఒకడు కాపు కాస్తారు. బంతి అందుకున్నవాణ్ణి పక్కగీత వైపు నెట్టి ఇద్దరు మూసేస్తారు. బంతి లాక్కోవడమొక్కటే కాదు ఉద్దేశం, ప్రత్యర్థిని తొందరపెట్టడం. తొందరపడ్డవాడు తప్పుడు పాస్ ఇస్తాడు, ఆట ముప్పావు వంతు గడిచేసరికి కాళ్ళు లాగేస్తాయి. ఆ ఏడాది జట్టులో మొదటి ఐదుగురిలో ఎవరూ ఆరడుగుల ఐదంగుళాలు మించలేదు. ఫైనల్లో ప్రత్యర్థి డ్యూక్ యూనివర్సిటీకి ఆరడుగుల పదంగుళాల వాళ్ళు ఇద్దరున్నారు. మొదటి సగంలోనే వరసగా 16 పాయింట్లు రాలగొట్టి 98-83తో గెలిచారు. ఈ ప్రెస్ వేద్దామని పట్టుబట్టింది సహాయకుడు జెర్రీ నార్మన్. ఆయన పేరు నీ వ్యాసంలో ఎక్కడా లేదు. కోచ్ గురించి రాసేటప్పుడు అసిస్టెంట్లని మరిచిపోవడం చాలామంది చేసే తప్పే.

ఇక సాధన. రోజూ పొద్దున్న సహాయకులతో కూర్చుని, ఏ నిమిషానికి ఏ డ్రిల్లో చిన్న కార్డు మీద రాసుకునేవాడు. 1974-75 సీజన్లో థార్ప్, గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు గ్యాలరీలో కూర్చుని ఆయన నోటివెంట వచ్చినవీ, చేసి చూపినవీ 2,326 లెక్కగట్టారు. నూటికి 75 పాళ్ళు ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి అనే సమాచారమే. మెచ్చుకోలు ఏడు పాళ్ళయినా లేదు. నువ్వేమో ‘ఉత్తేజపరిచే ప్రసంగాలు’ అని రాశావు! కొట్టెయ్.

దాని బదులు మేజోళ్ళు పెట్టు. ఏటా మొదటి రోజున, వచ్చిన మహామహులకి ఆయన మేజోడు తొడుక్కోవడం నేర్పేవాడు. వేళ్ళదగ్గర్నుంచి పైకి లాగాలి, చిటికెనవేలి దగ్గరా మడమ దగ్గరా చేత్తో తడిమి ముడత లేదని చూసుకోవాలి. మేజోడు పైకి పట్టుకునే బూటు తొడగాలి. లేసు కిందినుంచి ఒక్కో కన్నం దగ్గరా బిగించుకుంటూ వచ్చి రెండు ముళ్ళు వెయ్యాలి. ముడత ఉంటే బొబ్బ, బొబ్బ వస్తే సాధన పోతుంది. మనిషెలాంటివాడో చెప్పడానికి విశేషణాలక్కర్లేదు, ఇది చాలు.

అంకెల దగ్గర రెండు సవరణలు. 664 గెలుపులు యూసీఎల్ఏవి అని రాశావు. అక్కడివి 620, ఓటములు 147. మిగతా 44 అంతకుముందు ఇండియానా స్టేట్‌లో గెలిచినవి. ఇక పది టైటిళ్ళని నేటి కోచ్‌లతో పోల్చేటప్పుడు జాగ్రత్త. 1964 టోర్నమెంటులో 25 జట్లు, వుడెన్ జట్టు నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే కప్పు. ఇప్పుడు 68 జట్లు, కనీసం ఆరు గెలవాలి. చెప్పి వదిలెయ్, తీర్పు పాఠకుడిది.

శామ్ గిల్బర్ట్ సంగతి దాటెయ్యకు. ఆటగాళ్ళకి అడ్డదారి సాయాలు చేసిన ధనిక అభిమాని ఆయన. వుడెన్ తప్పుకున్న ఆరేళ్ళకి, 1981లో, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ యూసీఎల్ఏ మీద చర్య తీసుకుంది. అలాగే ఇండియానా స్టేట్‌లో ఉన్నప్పటి 1947ని కూడా వదలకు. నల్లజాతి ఆటగాళ్ళకి ప్రవేశం లేదన్నందుకు, తన జట్టులో క్లారెన్స్ వాకర్ ఉన్నాడు కాబట్టి, జాతీయ టోర్నమెంటు ఆహ్వానాన్నే వుడెన్ తిరగ్గొట్టాడు. రెండూ ఒకే మనిషి జీవితంలోవి. ఒకదాంతో ఇంకోదాన్ని కడిగెయ్యాలని చూడకు.

వ్యాసం ఎత్తుగడకి ఇండియానా రాష్ట్రంలోని సౌత్‌బెండ్ ఊరు చూడు. కుర్రతనంలో అక్కడి హైస్కూల్లో వుడెన్ ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. 1971 జనవరిలో అక్కడే నోటర్‌డామ్ యూనివర్సిటీ జట్టు చేతిలో ఓడాడు, ఆ తర్వాతే 88 గెలుపులు మొదలయ్యాయి. 1974 జనవరి 19న మళ్ళీ అక్కడే, మూడు నిమిషాల చిల్లర మిగిలుండగా 70-59తో ముందుండి, వరసగా 12 పాయింట్లు వదులుకుని 71-70తో ఓడాడు. ఆ మూడు నిమిషాలతో మొదలుపెట్టి, రెండో ప్రతి రాసి పంపు.