పాటల ప్లేయర్‌కు 26 వేలు: ఈఎంఐలో తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పరవాడ ఫార్మాసిటీలో పనిచేస్తాను, చేతికి 38,000 వస్తుంది. గోపాలపట్నం నుంచి కంపెనీ బస్సులో రానూపోనూ రెండున్నర గంటలు పడుతుంది. ఫోన్‌లో పాటలు వింటుంటే మధ్యలో కాల్స్ వస్తాయి, సాయంత్రానికి చార్జింగ్ అయిపోతుంది. అందుకని పాటలకే విడిగా 25,990 రూపాయల మ్యూజిక్ ప్లేయర్ కొందామనుకుంటున్నాను. జగదాంబ జంక్షన్ దగ్గర ఒక షాపులో ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 14,000 బాకీ ఉంది, మినిమమ్ కడుతున్నాను. సేవింగ్స్ ఖాతాలో 45,000 ఉంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 3,000 చొప్పున కట్టే సిప్ ఆరు నెలలు ఆపేస్తే ఈఎంఐ సర్దుకుంటుందా? నాన్నగారి పాత కేసెట్లు 40 దాకా ఉన్నాయి, అవి కూడా అందులో వేసుకోవాలని ఉంది.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు కార్డు బాకీ తీర్చేయండి. ప్లేయర్ సంగతి ఆ తర్వాత. కార్డు బాకీ మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా పడుతుంది. 14,000 మీద అది 490 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ మరో 88. అంటే నెలనెలా 578 రూపాయలు ఊరికే పోతున్నాయి. మరోపక్క మీ 45,000 ఏడాదికి రెండున్నర, మూడు శాతం వడ్డీకి ఖాతాలో పడి ఉన్నాయి. అందులోంచి 14,000 ఈ రోజే కట్టేయండి. మిగిలే 31,000 మాత్రం కదపకండి, ఒంట్లో బాగోకపోతేనో ఉద్యోగంలో తేడా వస్తేనో మీకున్నది అదే.

బాకీ ఉన్న కార్డు మీదే ఈఎంఐ పెట్టడం ఇంకా ప్రమాదం. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన మొత్తానికి వడ్డీ లేని గడువు దొరకదు, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. ఈఎంఐ కిస్తు కూడా ఆ నెల బిల్లులోనే కలుస్తుంది. బిల్లు పూర్తిగా కట్టకపోతే దాని మీదా వడ్డీ వేస్తారు.

ఇక నో కాస్ట్ సంగతి. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. జరిగేది ఏమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని ధరలో ముందే తగ్గించి, మళ్లీ వడ్డీగా మీ దగ్గర వసూలు చేస్తారు. 16 శాతం వడ్డీ, ఆరు కిస్తులు అనుకుంటే మీ 25,990లో వడ్డీ భాగం సుమారు 1,170. దాని మీద 18 శాతం జీఎస్టీ 211 మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. వెరసి దాదాపు 450 రూపాయలు అదనం. అన్నిటికన్నా ముందు షాపులో ఒక్క మాట అడగండి: ‘మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు?’ వాళ్లు వెయ్యో పదిహేను వందలో తగ్గిస్తే, ఈఎంఐకి మీరు కడుతున్న అసలు ధర అదే.

సిప్ ఆపక్కర్లేదు. కిస్తు నెలకు 4,330 పడేది కదా, ఆ స్థానంలో నెలకు 4,000 చొప్పున నాలుగు నెలల పాటు పక్కన పెట్టండి. 16,000 అవుతాయి. ఆరు నెలల్లోపు కావలసిన డబ్బుకు మార్కెట్ ఫండ్లు పనికిరావు, వేరే సేవింగ్స్ ఖాతా చాలు.

16,000 ఎందుకు, 26,000 కదా అంటారేమో. 26 వేలది వద్దు, కొంటే 8 నుంచి 12 వేలది చాలంటాను. పైగా 26 వేల ప్లేయర్ ధరతోనే ఖర్చు ఆగదు. మెమరీ కార్డు, వైరున్న మంచి ఇయర్‌ఫోన్స్, కవరు కలిపితే ఇంకో 5,000 తేలిగ్గా అవుతుంది. 31,000 పెట్టి, నాలుగేళ్లు వాడి, 6,000కు అమ్మారనుకున్నా నెలకు 520 రూపాయలు పడుతుంది. రోజూ రెండున్నర గంటలు వినేవారికి అది వృథా అననుగానీ, బాకీ పెట్టి కొనేంత వస్తువు మాత్రం కాదు.

మీ దగ్గర ఏ ఇయర్‌ఫోన్స్ ఉన్నాయో మీరు రాయలేదు. బ్లూటూత్ అయితే ఈ ప్లేయర్‌కు పెట్టే డబ్బులో పెద్ద భాగం దండగ. ఖరీదైన ప్లేయర్ ప్రత్యేకత అందులోని డీఏసీ, యాంప్లిఫయర్. డిజిటల్ అంకెలను ధ్వనిగా మార్చేది అవే. బ్లూటూత్‌లో ఆ పని ఇయర్‌బడ్ లోపలే జరుగుతుంది, ప్లేయర్ డీఏసీకి పనే ఉండదు. అందుకే మొదటి నెల రెండు మూడు వేలకు వైరున్న ఇయర్‌ఫోన్స్, వాటిని ఫోన్ చార్జింగ్ పోర్టుకు కలిపే టైప్-సీ డాంగిల్ కొనండి. బస్సు ఎక్కగానే ఫోన్‌ను ‘డు నాట్ డిస్టర్బ్’లో పెట్టండి. బస్సు రొదలో ధ్వని తేడా ఎక్కువగా తెచ్చేది చెవిలో సరిగ్గా బిగిసే రబ్బరు టిప్పులే. మూడు నెలల తర్వాతా ప్లేయర్ కావాలనిపిస్తే 8 నుంచి 12 వేల మధ్య, ఆండ్రాయిడ్ లేనిది చూడండి. అయితే దాంట్లో స్ట్రీమింగ్ యాప్‌లు నడవవు. యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఆ యాప్‌లోనే పాడతాయి, కార్డులోకి కాపీ చేసినా పనిచేయవు. మీ పాటలన్నీ అక్కడే ఉంటే ఆండ్రాయిడ్ ప్లేయరే కావాలి, దానికి ధరా ఎక్కువే, చార్జింగూ త్వరగా దిగుతుంది.

షాపుకు వెళ్లేటప్పుడు తెలుగు అక్షరాల్లో పేరున్న నాలుగు పాటలు కార్డులో వేసుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. చౌక ప్లేయర్లలో తెలుగు స్థానంలో గళ్లు కనిపిస్తాయి, లేదా ఒత్తులు విడిపోతాయి. కార్డుకు కూడా నమ్మకమైన షాపే మంచిది. నకిలీ కార్డు 512 జీబీ అని చూపిస్తుంది గానీ, అసలు సామర్థ్యం దాటగానే పాత పాటల మీదే కొత్తవి రాసేస్తుంది. మీకు 128 జీబీ చాలు. 320 కేబీపీఎస్ ఎంపీ3లో ఐదు నిమిషాల పాట 12 ఎంబీ, అంటే పది వేల పాటలు. నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ ఫార్మాట్‌లో అదే పాట 30 ఎంబీ దాకా పోతుంది, నాలుగు వేలు పడతాయి. ఉన్న ఎంపీ3ని ఫ్లాక్‌గా మారిస్తే సైజు పెరుగుతుందే తప్ప ధ్వని మెరుగుపడదు.

బ్యాటరీ గురించి కూడా అడగండి: మార్చడానికి ఎంత, విశాఖలోనే మారుస్తారా, బయటికి పంపుతారా? లిథియం బ్యాటరీ మూడు నాలుగు వందల సార్లు పూర్తిగా చార్జి అయ్యాక నీరసిస్తుంది. మన సముద్రపు గాలి ఉప్పుతేమకు ఇయర్‌ఫోన్ జాక్, చార్జింగ్ పోర్టు తుప్పు పడతాయి. తుప్పుకు వారంటీ వర్తించదంటారు కనుక ప్లేయర్ పెట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచి వేసి ఉంచండి. ప్లాంటులో సాల్వెంట్లు వాడే చోటికి ఫోన్ లాగే దీన్నీ రానివ్వరు, లాకర్‌లో పెట్టాల్సిందే.

నాన్నగారి కేసెట్ల పని మాత్రం ప్లేయర్ వచ్చేదాకా ఆపకండి. ఈ తేమకు టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని డెక్‌లో (కేసెట్ ప్లేయర్‌లో) పెడితే ఆ బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాతి కేసెట్‌నూ పాడుచేస్తుంది, అలాంటివి విడిగా తీసి ఉంచండి. డెక్ ఎవరిదైనా అరువు తెచ్చుకోండి, కొనకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్ తుడిచి, కేసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చాక పాడించండి. లాప్‌టాప్‌లోని మైకు రంధ్రం సాధారణంగా ఒక్క చానలే తీసుకుంటుంది. రెండు మూడు వేలకు దొరికే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌తో డెక్‌ను లాప్‌టాప్‌కు కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో రికార్డు చేయండి. శబ్దం స్థాయి చూపే మీటరు ఎక్కడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. గంట కేసెట్‌కు గంట పడుతుంది, 635 ఎంబీ అవుతుంది. నలభైకి 25 జీబీ. అసలు కాపీని ఫ్లాక్‌గా లాప్‌టాప్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచుకుని, ప్లేయర్‌కు ఎంపీ3 చేసుకోండి. ఆదివారానికి రెండు చొప్పున చేస్తే ఐదు నెలల్లో అయిపోతాయి. ఏ కేసెట్ ముందు చేయాలో నాన్నగారినే అడగండి.