సీ షిఫ్ట్‌లో (రాత్రి డ్యూటీలో) తెల్లవారుజామున తాగే టీయే కొంప ముంచేది

షిఫ్టులు మారే ఉద్యోగం, రోజుకి ఐదారు టీలు, నిద్ర పట్టదు, ఊరికే కోపం వస్తోంది, ఇది టీ వల్లేనా అని అడిగారు. టీ వల్లే. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో 14 ఏళ్లుగా షిఫ్టులు చేస్తున్నవాణ్ణి, నా మాట నమ్మండి.

ఒకసారి వరసగా నాలుగో సీ షిఫ్ట్. తెల్లవారుజామున ఐదింటికి ఫ్లాస్కులో టీ వచ్చింది. ఒకటి తాగాను, కళ్లు మూతలు పడుతుంటే ఇంకోటి. ఏడింటికి ఇంటికొచ్చి, కిటికీకి దుప్పటి కట్టి పడుకున్నాను. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది, గుండె మాత్రం దడదడ. పదింటికి ఉల్లిపాయల ఆటో మైకు. ఆ తర్వాత పక్కింటి మిక్సీ. అప్పుడే మా చిన్నది తలుపు తోసుకొచ్చి, "నాన్నా, ఈ లెక్క చెప్పవా?" అంది. నేను అరిచిన అరుపుకి చేతిలో పెన్సిల్ కింద పడేసుకుంది. ఆ రోజంతా నా దగ్గరికి రాలేదు. సాయంత్రం మా ఆవిడ ఏమీ అనకుండా టీ కప్పు ముందు పెట్టింది. అదీ తాగాను, రాత్రికి మళ్లీ డ్యూటీ కదా!

మేలుకున్నకొద్దీ మెదడులో అడెనొసిన్ అనే రసాయనం పేరుకుని నిద్ర మత్తు తెస్తుంది. టీలో ఉండే కెఫీన్ వచ్చి, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు, దాని సీటు ఆపుకుంటుంది. మత్తు ఎక్కడికీ పోదు, నిలబడే ఉంటుంది. ఐదింటికి తాగినదాంట్లో ఇంచుమించు సగం పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మా దగ్గర ఒకాయన టీ తాగి కూడా గురక పెడతాడు. సిగరెట్లు తాగే మనిషి, అలాంటివాళ్లకి కెఫీన్ త్వరగా దిగిపోతుంది లెండి. అలాగని అది మొదలుపెట్టకండి.

ఇప్పుడు నేను రాత్రి రెండు దాటితే టీ ముట్టను. ఒక్కసారిగా మానేస్తే మాత్రం తలనొప్పి చంపేస్తుంది, నేను మూడు రోజులు పడ్డాను. కుర్రాళ్లు టీ బదులు ఎనర్జీ డ్రింకు డబ్బాలు తెస్తున్నారు, అందులో ఉన్నదీ కెఫీనే బాబూ.

నిజానికి టీ ఒక్కదాన్నే అనకూడదు, షిఫ్టులు తిప్పే తీరుదీ తప్పే. ఏ (పొద్దున) తర్వాత బీ (మధ్యాహ్నం), బీ తర్వాత సీ అని ముందుకి తిప్పితే ఒళ్లు కాస్త సర్దుకుంటుంది. మావాళ్లు వెనక్కి తిప్పుతారు. పొద్దున ఆరింటికి సీ దిగినవాణ్ణి మధ్యాహ్నం రెండింటికి బీకి రమ్మంటారు! అదీ వాట్సాప్‌లో, ముందురోజు రాత్రి. ఇప్పుడు తొమ్మిదిన్నర అయింది, రేపటి చార్ట్ గ్రూపులో ఇంకా పడలేదు.