పాత పెంకుటింట్లో కరెంటు పని ఎవరికివ్వాలి?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పెంకుటిల్లండి, మా మావగారి టైంలో చెక్క పట్టీల మీద లాగిన వైరింగే ఇంకా నడుస్తోంది. గీజర్ పెట్టిద్దామంటే మా వీధి ఎలక్ట్రీషియన్ పాత లైన్ మీదే ఇచ్చేస్తానంటున్నాడు. మొన్న గ్రైండర్ ముట్టుకుంటే జివ్వుమంది కూడా. ఇతనికే ఇచ్చేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దండి, ఆ మాట అన్నాడంటేనే వేరే మనిషిని చూసుకోండి. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 యాంప్స్ లాగుద్ది, బల్బులకీ ఫ్యాన్లకీ వేసిన సన్న తీగ ఆ లోడుకి వేడెక్కిపోద్ది, అందుకని బోర్డు నుంచి విడిగా కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగాల్సిందే.

అసలు నాకు భయంగా ఉంది ఆ గ్రైండర్ గురించి, ముందు దాని వాడకం ఆపండి. మన ఊళ్ళల్లో కొంతమంది ఎర్త్ గుంట తవ్వడానికి బద్ధకించి ప్లగ్గులో న్యూట్రల్‌నే (కరెంటు తిరిగెళ్ళే తీగనే) తెచ్చి ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు, ఎక్కడన్నా న్యూట్రల్ తెగిందా, ఇక గ్రైండర్ బాడీ మొత్తానికీ కరెంటే! కొత్త మనిషి రాగానే మెయిన్ ఆఫ్ చేయించి ఒక ప్లగ్గు విప్పించి మీ కళ్ళతో చూడండి.

వైర్‌మన్ పర్మిట్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. మెగ్గర్ (వైరు పైతొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో చూసే మీటరు) తెచ్చి ఇన్సులేషన్ చూస్తానన్నాడంటే పని తెలిసినోడే. మట్టిగోడలైతే గాడి కొట్టనివ్వొద్దు, పైనే పీవీసీ కేసింగ్ వేయించుకోండి. ఐఎస్ఐ మార్కు వైరు మీరే కొనండి. ఎర్త్ గుంటతో పాటు 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ కట్ చేసే స్విచ్చి) పెట్టించి, టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోయాకే మిగతా డబ్బులివ్వండి.