మందు మానితే కొట్టడం మానతాడా? మా అన్న విషయంలో నేను చూసింది

మీరు అడిగింది ఇదీ: "మా అన్నయ్య తాగినప్పుడు వదిన మీద చేయి చేసుకుంటాడు, మిగతా రోజుల్లో చాలా మంచివాడు. మందు మాన్పిస్తే సరిపోతుందా? ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడితే మారతాడా?" ఆరేళ్ల కిందట మా ఇంట్లో మేమూ ఇవే రెండు ప్రశ్నలు వేసుకున్నాం. రెండింటికీ అవుననే అనుకున్నాం. ఆ తప్పుకు దెబ్బలు తిన్నది మా వదిన.

మాది హిందూపురం. అన్న కాపురం బెంగళూరులో, రామమూర్తి నగర్‌లో. నేను ఉద్యోగం వెతుక్కుంటూ వాళ్లింట్లో ఎనిమిది నెలలున్నాను. ఒక రాత్రి వంటింట్లో గొడవ వినిపించి వెళ్లేసరికి వదిన జుట్టు అన్న చేతిలో ఉంది. నేను అడ్డం పడేలోపే కాలింగ్ బెల్ మోగింది. అన్న జుట్టు వదిలేశాడు. చొక్కా సర్దుకుని, తలుపు తీసి, డెలివరీ కుర్రాడికి ఓటీపీ చెప్పి, "వాన పడుతోంది, జాగ్రత్తగా పో" అన్నాడు. తలుపేసి మళ్లీ వంటింటి వైపు నడిచాడు.

ఆ రాత్రి తాగే ఉన్నాడు. "మత్తులో వాడికేం తెలుస్తుంది" అని అమ్మ అన్నప్పుడల్లా నాకు ఆ ఓటీపీ గుర్తొస్తుంది. ఒక్క అంకె తడబడలేదు. ఆఫీసులో మేనేజర్ ఎన్ని మాటలన్నా అన్న ఎప్పుడూ చేయెత్తలేదు.

ఆ తర్వాతే, కొట్టే మగవాళ్ల గురించి జరిగిన పరిశోధనలు వెతికి చదివాను. అమెరికాలోని డులూత్ ఊళ్లో 1984లో, దెబ్బలు తిన్న ఆడవాళ్లు చెప్పినదాన్ని బట్టి ఒక చక్రం బొమ్మ గీశారు. ఇరుసు దగ్గర 'అధికారం, అదుపు'. ఆకుల్లో బెదిరించడం, డబ్బు చేతికివ్వకపోవడం, అయినవాళ్లకు దూరం చేయడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం. కొట్టడం వాటన్నిటినీ బిగించి పట్టుకునే బయటి పట్టా. అది చూస్తుంటే వదిన ఏటీఎం కార్డు ఎప్పుడూ అన్న పర్సులోనే ఉండేదని గుర్తొచ్చి కడుపులో తిప్పినట్టయింది. నేను రోజూ చూసిందే, ఒక్కసారీ అడగలేదు.

మందుకు సంబంధం లేదని అనను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త తరచూ మత్తెక్కేదాకా తాగే ఇళ్లలోని ఆడవాళ్లలో 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నారు. భర్త అసలు తాగని ఇళ్లలో అది 23 శాతం. ఆ రెండో అంకె దగ్గర కాసేపు ఆగండి. ఆ భర్తలకు మందు ఎవరు పోశారు? అదే సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 80 శాతానికి పైగా ఆడవాళ్లే, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం తప్పు కాదన్నారు. మా అమ్మ వాళ్లలో ఒకతె. నాన్న ఆమెను కొట్టేవాడు. చిన్నప్పుడు దెబ్బలు తిని, తల్లి దెబ్బలు తినడం చూసి పెరిగిన మగపిల్లలు పెద్దయ్యాక కొట్టే అవకాశం ఎక్కువని చాలా దేశాల పరిశోధనలు చెప్తున్నాయి. నిజమే, కానీ అదే ఇంట్లో నేనూ పెరిగాను.

మేం అన్నకు డీఅడిక్షన్ చేయించాం. నాలుగు నెలలు చుక్క ముట్టలేదు. కొట్టడం తగ్గింది, వదిన ఫోన్ తనిఖీలు పెరిగాయి. ఐదో నెలలో మందు లేకుండానే ఆమె గొంతు పట్టుకున్నాడు. గొంతు నులమడం మామూలు దెబ్బ కాదు. ఒకసారి నులిమినవాడి చేతిలో ఆ భార్య తర్వాత హత్యకు గురయ్యే ప్రమాదం ఏడు రెట్లకు పైగా ఉంటుందని అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది. మీ వదిన మెడ మీద ఎప్పుడైనా గుర్తులు చూసి ఉంటే రేపటిదాకా ఆగకండి.

కూర్చోబెట్టి మాట్లాడటం ఇంకా పెద్ద తప్పు. పెద్దమనుషుల ముందు వదిన ధైర్యం చేసి "నా జీతం నాకివ్వడు" అంది. అందరూ అన్నకు బుద్ధి చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాటకు ఆ రాత్రి ఆమె ముంజేయి విరిగింది. భయపడుతున్న మనిషిని, ఆ భయపెట్టేవాడి పక్కన కూర్చోబెట్టి నిజం చెప్పమనకూడదు. ఆమెతో విడిగా మాట్లాడాలి, అతనితో వేరే వాళ్లు వేరేగా మాట్లాడాలి.

మాకు దారి దొరికింది బెంగళూరు పోలీస్ కమిషనర్ ఆఫీసులో ఆడవాళ్లకు సాయం చేసే వనితా సహాయవాణిలో. 2005 గృహహింస చట్టం కింద, పోలీస్ కేసు లేకుండానే మేజిస్ట్రేటు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చని, ఇల్లు భర్త పేరున ఉన్నా ఆమెకు అందులో ఉండే హక్కుందని అప్పుడే తెలిసింది. నేను అన్న ముందు నిలబడి, "కోర్టులో సాక్ష్యం నేనే చెప్తాను" అన్నాను. అప్పటిదాకా తన ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. ఇప్పుడు విడిగా ఉంటున్నాడు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాడు. ఇన్నేళ్లూ "చెయ్యి తగిలింది" అన్నవాడు పోయిన నెల నాతో మొదటిసారి "కొట్టాను" అన్నాడు. అది చాలదు. వదిన తిరిగి వెళ్లాలని నేను అడగను.

మీరు ఈ వారమే మీ వదినను ఒంటరిగా కలవండి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు, మీ నంబరు ఆమెకు కంఠతా వచ్చేలా చెప్పండి, ఫోన్‌లో సేవ్ చేయించకండి. సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు మీ దగ్గర దాచండి. ఆమె వెళ్లిపోతానంటే మీ అమ్మకు కూడా ముందు చెప్పొద్దు. విడిపోయే రోజులే అన్నిటికన్నా ప్రమాదమైనవి, ఆ కబురు మీ అన్నయ్యకు చేరకూడదు.