రాయికి అతుక్కుని బతికే మంచినీటి ఆల్చిప్ప ఆయిస్టర్ జాతిదేనా?

కాదు. మీరు అడుగుతున్న ఆల్చిప్ప ఇండోనేషియాలో, సులవేసి దీవిలోని పోసో సరస్సుది. చాలా పురాతనమైన సరస్సు. ఆ ఆల్చిప్ప తన రెండు చిప్పల్లో ఒకదాన్ని రాతికి సిమెంటు పెట్టినట్టు అతికించేసుకుంటుంది, ఇక కదలదు. చూడ్డానికి అచ్చం సముద్రపు రాళ్లకు అతుక్కుని ఉండే ఆయిస్టరే! 1998లో దీనికి పోసోస్ట్రియా అని కొత్త ప్రజాతి పేరు పెట్టినా, కార్బిక్యులా అనే ఆల్చిప్పల కుటుంబంలోనే ఉంచారు. 2006 నాటికి డీఎన్ఏ ఇంకో అడుగు ముందుకేసి, ఇది నేరుగా కార్బిక్యులా ప్రజాతిదే అని చూపించింది.

మామూలు కార్బిక్యులాలు నాలుకలాంటి పాదంతో ఇసుక తవ్వుకుని అందులో దాక్కుంటాయి. వాటికి చిప్పలు మూసే కండరాలు రెండు, ఆయిస్టర్‌కు ఒక్కటే. అంటే రాతిని పట్టుకునే అలవాటు ఈ రెండు వంశాల్లో విడివిడిగా పుట్టిందన్నమాట. నాకైతే ఇదే అన్నిటికంటే అద్భుతంగా అనిపిస్తుంది. పైకి కనిపించే చిప్ప ఆకారం చూసి చుట్టరికం కలపకండి.