మూడో చాప్‌స్టిక్

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మనిషిని మనిషే గదిలో బంధించే కథ రాయాలనుకోవడం తప్పు కాదు. కానీ పది పేజీల్లో ఏడు పేజీలు దెబ్బలూ నెత్తురూ నిండిపోయి, ఆ బందీ ఏం తింటున్నాడో, రోజులెలా లెక్కపెట్టుకుంటున్నాడో ఒక్క ముక్కయినా లేకపోవడం నన్ను బాధపెట్టింది.

పార్క్ చాన్-వుక్ 2003లో తీసిన కొరియన్ సినిమా ‘ఓల్డ్‌బాయ్’ చూశానన్నావు కదా, ఈసారి కలం పట్టుకుని చూడు. 1988లో, కూతురి పుట్టినరోజు నాడు తాగి గొడవపడిన ‘ఓ దే-సు’ అనే అతణ్ణి ఎవరో ఎత్తుకుపోయి, కారణం చెప్పకుండా లాడ్జి గదిలాంటి చోట 15 ఏళ్లు ఉంచేస్తారు. అక్కడ కొరడాలు లేవు. ఒక టీవీ ఉంటుంది, తలుపు కింది సందులోంచి కజ్జికాయ ఆకారంలో ఉండే, లోపల కూరిన, వేయించిన కొరియన్ వంటకం మండూలు వస్తుంటాయి. భార్య హత్యకు గురైందనీ, పోలీసులు తననే అనుమానిస్తున్నారనీ అతనికి తెలిసేది ఆ టీవీలోనే. ఒకసారి భోజనంతో పాటు, తినడానికి జతగా వాడే పుల్లలు, చాప్‌స్టిక్స్, రెండు బదులు పొరపాటున మూడు వస్తాయి. పక్క గదివాడు ఒక్కదానితోనే తింటూ ఉంటాడన్న ఆలోచన అతనికి వస్తుంది. ఆ మిగిలిన పుల్లతోనే గోడ తవ్వడం మొదలుపెడతాడు. పక్కన ఇంకో గది ఉందనీ, అందులో ఇంకో అభాగ్యుడున్నాడనీ, ఇదంతా ఎవరో పద్ధతిగా నడుపుతున్న వ్యవహారమనీ ఆ చిన్న పుల్ల మనకు చెప్పేస్తుంది. బయటపడ్డాక అతను హోటళ్లన్నీ తిరిగి, నాలుక మరిచిపోలేని ఆ మండూల రుచిని బట్టే తన చెర ఆచూకీ తీస్తాడు. నీ కథలో అలా రెండుసార్లు పనికొచ్చే వస్తువు ఒక్కటైనా ఉందా?

బంధించినవాణ్ణి నువ్వు ఉత్త రాక్షసుణ్ణి చేశావు. ఈ సినిమాలో దే-సును బంధించిన లీ వూ-జిన్, తాను ఎందుకు బంధించాడని కాదు, ఎందుకు వదిలిపెట్టాడని అడగమంటాడు. పగ తీరిన రోజున అతనికి బతకడానికి ఇంకేమీ మిగలదు. నీ పాత్ర కూడా తన బందీకి ఎంతగా బందీ అయిపోయాడో చూపించు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఈ సినిమాతో ఏకీభవించలేను. బయటపడ్డాక దే-సు ప్రేమించే అమ్మాయి మి-దో, నిజానికి అతని కూతురే. అందరికంటే ఎక్కువ నష్టపోయే ఆమెకు ఆ నిజం తెలియనివ్వరు. ఆమె జీవితం గురించి మగవాళ్లిద్దరే తేల్చేసుకుంటారు. నీ కథలో గోడవతల చప్పుళ్లు వినే ఆ అమ్మాయికి నువ్వు అలా చేయవద్దు, ఆమె విన్నది ఆమెనే చెప్పనివ్వు.

దెబ్బల పేజీలన్నీ పక్కన పెట్టి, అతని మొదటి రోజు భోజనం దగ్గర మళ్లీ మొదలుపెట్టి పంపించు.